ఒకే అంతస్తులో ఇల్లూ యుద్ధమూ: లింకన్ కుటుంబం, 1861–65

అమెరికా అంతర్యుద్ధ కాలంలో అధ్యక్షుడిగా ఉన్న అబ్రహాం లింకన్ కుటుంబ జీవితాన్ని సాధారణంగా ఒక విషాద అధ్యాయంగా చెప్పి ముగిస్తుంటారు. కొడుకు పోయాడు, భార్య మేరీ మనసు చెదిరింది, ఆయన మౌనంగా భరించాడు. ఇందులో అబద్ధం లేదు. అయితే 1861 మార్చి నుంచి 1865 ఏప్రిల్ దాకా ఆ ఇంట్లో తీసుకున్న నిర్ణయాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఎవరి కొడుకు సైన్యంలో చేరాలి? శత్రుపక్షంలో చనిపోయినవాడి కోసం ఏడవొచ్చా? జనం సొమ్ము దేనికి ఖర్చు పెట్టాలి? విధేయత ప్రకటించనివాళ్లను ఎంతవరకు క్షమించాలి? దేశాన్ని చీల్చిన ఈ ప్రశ్నలు ఒక్కటీ మిగలకుండా ఆ ఇంటి గడప తొక్కాయి. అందుకే లింకన్ ఇంటి విషయాలను ఆయన పరిపాలనలో భాగంగానే చదవాలి.

ముందుగా ఆ ఇంటి అమరిక. ఇవాళ కనిపించే పశ్చిమ విభాగం శ్వేతసౌధానికి అప్పట్లో లేదు. అధ్యక్షుడి కార్యాలయమూ నివాసమూ రెండూ పై అంతస్తులోనే. తూర్పు వైపు కార్యాలయం, కార్యదర్శుల గదులు. పడమటి వైపు కుటుంబం. మధ్యలో పొడవాటి నడవా. ఉద్యోగాలు అడిగేవాళ్లు, కాంట్రాక్టర్లు, మరణశిక్ష పడిన కొడుకును కాపాడమని వచ్చిన తల్లులు పొద్దుటి నుంచే మెట్ల మీదా నడవాలోనూ బారులు తీరేవారు. లింకన్ భోజనానికి వెళ్లాలన్నా వాళ్ల మధ్య నుంచే వెళ్లాలి. చివరి ఏళ్లలో ఒక అడ్డుగోడ కట్టి, ఎవరి కంటా పడకుండా కార్యాలయం నుంచి కుటుంబపు గదుల వైపు వెళ్లే దారి ఏర్పాటు చేశారు. దాదాపు నాలుగేళ్ల యుద్ధకాలంలో ఆయన ఏకాంతం కోసం ఆ భవనంలో జరిగిన మార్పు దాదాపు అదొక్కటే.

కార్యదర్శులు జాన్ నికొలే, జాన్ హే కూడా ఆ అంతస్తులోనే పడుకునేవారు. ఇంటి ఖర్చుల విషయంలో మేరీ లింకన్‌కూ వాళ్లకూ పడేది కాదు. మేరీ గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం వాళ్ల ఉత్తరాల నుంచి, ఆమె అంటే గిట్టని లింకన్ న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ సేకరించిన జ్ఞాపకాల నుంచి వచ్చింది. ఆమె కోపిష్ఠి, దుబారా మనిషి అన్న మాటలు పూర్తిగా తప్పని ఎవరూ అనలేరు. కానీ సాక్ష్యం చెప్పింది ఎవరో మరిచిపోయి ఆ మాటలను తీసుకోకూడదు.

డబ్బు సంగతి కూడా ఈ అమరికతో ముడిపడిందే. అధ్యక్షుడి జీతం అప్పట్లో ఏడాదికి 25,000 డాలర్లు. విందుల ఖర్చు, సొంత పనివాళ్ల జీతాలు అందులోంచే పోవాలి. భవనాన్ని బాగుచేసుకోవడానికి కాంగ్రెస్ విడిగా 20,000 డాలర్లు ఇచ్చింది. ఆ మొత్తం నాలుగేళ్ల పదవీకాలానికి సరిపోవాలి. మేరీ ఏడాది తిరగకుండానే అదంతా ఖర్చుపెట్టి, ఆ పైన ఆరు వేల డాలర్లకు మించి బిల్లులు తెచ్చింది. ఆమె లెక్క ఆమెకుంది. కెంటకీలో పెద్దింటి పిల్ల, ఇల్లినాయ్ నుంచి వచ్చింది కాబట్టి ‘పల్లెటూరి ఆడది’ అని వాషింగ్టన్ సమాజం ముందే ముద్ర వేసింది. దేశం నుంచి విడిపోయి ఉత్తరాదితో పోరాడుతున్న దక్షిణాది రాష్ట్రాలను బ్రిటన్, ఫ్రాన్స్ వేరే దేశంగా గుర్తిస్తాయేమోనన్న భయం ఉన్న రోజుల్లో, రాయబారులు వచ్చే ఇల్లు వెలవెలబోతే ప్రభుత్వమే కూలుతోందన్న అభిప్రాయం కలుగుతుంది. ఆ వాదనలో బలం ఉంది. లింకన్ మాత్రం మండిపడ్డాడు. సైనికులకు దుప్పట్లు కరువైన వేళ ఈ ఇంటికి సోకులా అన్నాడు, సొంత జేబులోంచి కడతానన్నాడు. చివరికి కాంగ్రెసే అదనపు కేటాయింపులతో ఆ లోటు పూడ్చింది. దాంతో సమస్య కనబడకుండా పోయింది కానీ తీరలేదు. మేరీ తర్వాత దుకాణాల్లో సొంత అప్పులు చేసింది. 1864 నాటికి అవి 27,000 డాలర్లకు చేరాయనీ, భర్త ఎన్నికల్లో ఓడిపోతే ఆ సంగతి బయటపడుతుందని ఆమె వణికిపోయిందనీ ఆమె దర్జీ, ఆప్తురాలు ఎలిజబెత్ కెక్లీ రాసింది. కెక్లీ ఒకప్పుడు బానిస. 1,200 డాలర్లు చెల్లించి తనకూ కొడుక్కీ స్వేచ్ఛ కొనుక్కున్న మనిషి. ఆ కొడుకు 1861 ఆగస్టులో విల్సన్స్ క్రీక్ యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడుతూ చనిపోయాడు.

లింకన్ దంపతులకు నలుగురు కొడుకులు. రెండోవాడు ఎడ్డీ 1850లోనే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పోయాడు. శ్వేతసౌధానికి వచ్చేనాటికి పెద్దవాడు రాబర్ట్ హార్వర్డ్‌లో చదువుతున్నాడు. విల్లీకి పదేళ్లు, టాడ్‌కు ఎనిమిది నిండబోతున్నాయి. పిల్లలను తండ్రి ఎప్పుడూ కట్టడి చేయలేదు. మంత్రివర్గ సమావేశం మధ్యలో దూరినా ఏమీ అనేవాడు కాదు. ఇది మంత్రులకు చికాకు.

1862 ఫిబ్రవరి మొదట్లో ఇద్దరు పిల్లలకూ జ్వరం వచ్చింది. ఫిబ్రవరి 5న దాదాపు 500 మందికి ఆహ్వానాలు వెళ్లిన పెద్ద విందు ఉంది. ప్రమాదం లేదని వైద్యుడు చెప్పడంతో రద్దు చేయలేదు. కింద సైనిక బృందం వాయిస్తుంటే తల్లిదండ్రులు మాటిమాటికీ మేడెక్కి విల్లీని చూసి వచ్చారు. ఆ జబ్బు టైఫాయిడ్ అని చరిత్రకారులు చాలామంది అంగీకరిస్తారు. కారణం నీళ్లయి ఉండే అవకాశం ఎక్కువ. భవనంలోని కుళాయిలకు పొటోమాక్ నది నీళ్లు వచ్చేవి. ఆ నది ఒడ్డున వేల మంది సైనికులు గుడారాలు వేసుకుని ఉన్నారు, వాళ్ల మరుగు ఆ నీళ్లలోకే చేరేది. రాజధానిని కాపాడటానికి పిలిపించిన సైన్యమే ఆ రాజధాని నీళ్లను విషం చేసింది. యుద్ధం ఆ ఇంటి బిడ్డను తీసుకెళ్లిన తీరు అది. శిబిరాల్లో రోగంతో పోయిన సైనికుల కథా ఇదే. ఆ యుద్ధంలో తూటాలకు పోయినవాళ్ల కంటే జబ్బులతో పోయినవాళ్లే ఎక్కువ.

ఫిబ్రవరి 20 సాయంత్రం విల్లీ చనిపోయాడు. ఆ వారంలో తండ్రి బల్ల మీదున్న పని ఏమిటో కూడా చూడాలి. నాలుగు రోజుల ముందు, 16న, టెనెసీలో డొనెల్సన్ కోటను ఉత్తరాది సేనాని గ్రాంట్ పట్టుకున్నాడు. ఉత్తరాదికి అది మొదటి పెద్ద విజయం. సైన్యాలన్నీ ఒకేసారి కదలాలని లింకన్ తన మొదటి సాధారణ యుద్ధ ఉత్తర్వులో పెట్టిన గడువు ఫిబ్రవరి 22, అంటే కొడుకు పోయిన రెండో రోజు. 24న అంత్యక్రియలు. శవపేటికను జార్జ్‌టౌన్‌లోని ఓక్ హిల్ శ్మశానంలో ఒక స్నేహితుడి కుటుంబ సమాధి గృహంలో ఉంచారు. సొంతూరికి ఎప్పటికైనా తీసుకెళ్లాలనే ఆ ఏర్పాటు.

మేరీ మూడు వారాలు మంచం దిగలేదు. విల్లీ పోయిన గదిలోకి మళ్లీ అడుగుపెట్టలేదు. తోటలో జరిగే బ్యాండు కచేరీలు ఆపించింది. విల్లీతో ఆడుకునే టాఫ్ట్ పిల్లలు కంటబడితే తట్టుకోలేక వాళ్లను రావద్దంది. దాంతో టాడ్‌కు అన్నతో పాటు స్నేహితులూ పోయారు. టాడ్‌ను చూసుకోవడానికి సైనిక ఆసుపత్రి నుంచి రెబెకా పామ్‌రాయ్ అనే నర్సును పిలిపించారు. భర్తనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్న స్త్రీ ఆమె. మిగిలిన ఒక్క కొడుకూ సైన్యంలో ఉన్నాడు. అధ్యక్షుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అంత దుఃఖాన్ని ఎలా తట్టుకున్నావని అడిగేవాడు. ఆ తర్వాత మేరీ ఆత్మలతో మాట్లాడిస్తామనేవాళ్లను నమ్మింది. దాన్ని పిచ్చి అని తేల్చేయడం తేలిక. కానీ ఊరూరా శవపేటికలు దిగుతున్న ఆ కాలంలో అలాంటి సమావేశాలకు వెళ్లిన తల్లులు వేలల్లో ఉన్నారు.

రెండేళ్ల తర్వాత, 1864 ఏప్రిల్ 30న, దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో అక్కడి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఐదేళ్ల కొడుకు జోసెఫ్ ఇంటి వసారా మీద నుంచి పడి చనిపోయాడు. రెండు ప్రభుత్వాల అధినేతలూ పదవిలో ఉండగానే కొడుకును పోగొట్టుకున్నారు.

మేరీ పుట్టింటి సంగతి అన్నిటికంటే చిక్కైనది. ఆమె తండ్రి రాబర్ట్ టాడ్ (ఇక్కడ టాడ్ పుట్టింటి పేరు) లెక్సింగ్టన్‌లో బానిసలున్న గృహస్థు. రెండు పెళ్లిళ్లు, పెద్ద సంతానం. కెంటకీ రాష్ట్రం ఉత్తరాదితోనే నిలిచింది కానీ ఈ ఇల్లు నిలువునా చీలింది. తోబుట్టువుల్లో సగానికి పైగా దక్షిణాది పక్షం. మారు తమ్ముడు శామ్యూల్ 1862 ఏప్రిల్‌లో షైలో దగ్గర చనిపోయాడు. ఇంకో తమ్ముడు అలెగ్జాండర్ అదే ఏడు ఆగస్టులో బాటన్ రూజ్ దగ్గర. మూడోవాడు డేవిడ్ కొంతకాలం రిచ్‌మండ్‌లో ఉత్తరాది ఖైదీలున్న జైలుకు అధికారి. సొంత తమ్ముడు జార్జ్ దక్షిణాది సైన్యంలో వైద్యుడు. ఉత్తరాది పత్రికలు ఆమెను గూఢచారి అన్నాయి, దక్షిణాదివాళ్లు ద్రోహి అన్నారు. తమ్ముళ్లు పోయినా ఆమె బయటికి శోకం చూపలేకపోయింది. వాళ్లు ఎంచుకున్న దారి అది, నా భర్తను చంపగలిగితే చంపేవాళ్లే అన్నట్టు పైకి మాట్లాడేది.

ఆ పరీక్ష ఎమిలీ రూపంలో ఇంట్లోకే వచ్చింది. మారు చెల్లెలు ఎమిలీ భర్త బెన్ హార్డిన్ హెల్మ్ అంటే లింకన్‌కు ఇష్టం. 1861లో అతనికి మేజర్ హోదాతో సైన్యపు జీతాల పంపిణీ అధికారి ఉద్యోగం ఇవ్వజూపాడు. యుద్ధరంగానికి దూరంగా, భద్రంగా ఉండే పదవి. హెల్మ్ కాదని దక్షిణాదిలో చేరి బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1863 సెప్టెంబరు 20న చికమాగా యుద్ధంలో తీవ్రంగా గాయపడి ప్రాణాలు వదిలాడు. మేరీ అప్పుడు న్యూయార్క్‌లో ఉంది. 24న లింకన్ ఆమెకు పంపిన తంతి నిజానికి ఒక యుద్ధ నివేదిక. శత్రువుల సేనానుల్లో ఎవరెవరు పోయారో చెబుతూ, ఆ వరుసలోనే ‘మీ మరిది హెల్మ్’ పోయాడని తెలియజేస్తుంది. ఇంటి మరణవార్త నష్టాల పట్టికలో ఒక పంక్తిగా చేరింది.

డిసెంబరులో ఎమిలీ కెంటకీకి వెళ్లబోతే ఉత్తరాది ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చేయనన్నందుకు మన్రో కోట దగ్గర ఆపారు. లింకన్ ఆమెను తన దగ్గరికి పంపమన్నాడు. శత్రు సేనాని భార్య శ్వేతసౌధంలో దాదాపు వారం ఉంది. టాడ్, ఎమిలీ కూతురు కేథరీన్ పొయ్యి ముందు కూర్చుని అసలు అధ్యక్షుడు ఎవరని కొట్లాడుకున్నారు. ఇంట్లోకి తిరుగుబాటుదారును తెచ్చారేమిటని జనరల్ సికిల్స్ గట్టిగా నిలదీస్తే, అతిథుల ఎంపికలో మాకు ఎవరి సలహా అక్కర్లేదని లింకన్ జవాబిచ్చాడు. డిసెంబరు 14న ఆమె పేర క్షమాభిక్ష రాసిచ్చాడు. అంతకు ఆరు రోజుల ముందే, 8న, పెద్ద అధికారుల వంటి కొన్ని వర్గాలు తప్ప మిగతా దక్షిణాదివాళ్లకు వర్తించే క్షమాభిక్ష ప్రకటన వెలువడింది. బానిసలు మినహా మిగతా ఆస్తిపై హక్కులు తిరిగి ఇచ్చే షరతే రెంటిలోనూ ఉంది. మరదలికైనా బానిసల విషయంలో ఆయన సడలింపు ఇవ్వలేదు. ఈ చిన్న కాగితం ఆయన రాజనీతికి ఏ ఉపన్యాసానికీ తీసిపోని సాక్ష్యం. ఆ తర్వాత తన పత్తి అమ్ముకోవడానికి అనుమతి కోరుతూ ఎమిలీ వచ్చింది, ప్రమాణం మాత్రం చేయనంది. అనుమతి దొరకలేదు. 1864 అక్టోబరులో ఆమె లింకన్‌కు రాసిన ఉత్తరంలో, మమ్మల్ని ఈ గతికి తెచ్చింది మీ తూటాలేనన్న నిష్ఠూరం ఉంది. అక్కడితో ఆ బంధం తెగింది.

రాబర్ట్ విషయంలో లింకన్ నిర్ణయం ఇంత సూటిగా సాగలేదు. 1863 మార్చి 3న అమల్లోకి వచ్చిన నిర్బంధ సైనిక చట్టం 20 నుంచి 45 ఏళ్ల మగవాళ్లకు వర్తిస్తుంది. బదులు మనిషిని పెట్టొచ్చు, లేదా 300 డాలర్లు కట్టి తప్పించుకోవచ్చు. కూలివాడికి అది ఏడాది సంపాదనకు దగ్గర. ‘ధనికుల యుద్ధం, పేదల పోరాటం’ అన్న కోపంతో జులైలో న్యూయార్క్ తగలబడింది. ఆ ఆగస్టు 1న రాబర్ట్‌కు 20 నిండాయి. సంతకం పెట్టింది తండ్రి, కొడుకు హార్వర్డ్‌లో. రాబర్ట్ తాను చేరతానంటూనే ఉన్నాడు. మేరీ ససేమిరా అంది. ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్న తల్లి ఆమె. ఒక సెనేటర్ ఎమిలీ ముందే మీ అబ్బాయి సైన్యంలో ఎందుకు లేడని అడిగితే, తప్పు నాదే, చదువు పూర్తిచేయమన్నది నేనే అంది.

1865 జనవరి 19న లింకన్ గ్రాంట్‌కు రాసిన ఉత్తరంలో ఆ ఇబ్బంది అంతా ఉంది. అధ్యక్షుడిగా కాక స్నేహితుడిగా అడుగుతున్నాననుకుని జవాబివ్వమన్నాడు. కొడుకును మామూలు సిపాయిగా పంపడం ఇష్టం లేదన్నాడు. ఎంతోకాలంగా సేవ చేస్తున్నవాళ్లకు దక్కాల్సిన హోదా ఇప్పించడమూ ఇష్టం లేదన్నాడు. మీ పరివారంలో నామమాత్రపు హోదాతో పెట్టుకుంటే ఖర్చు ప్రభుత్వం కాదు, నేనే భరిస్తానన్నాడు. గ్రాంట్ రెండు రోజుల్లో ఒప్పుకుని కెప్టెన్ హోదా సూచించాడు. ఫిబ్రవరిలో రాబర్ట్ చేరాడు, ఏప్రిల్ 9న అపోమాటక్స్‌లో దక్షిణాది సైన్యం లొంగిపోయిన వేళ అక్కడే ఉన్నాడు. ఈ ఉత్తరాన్ని లింకన్ వినయానికి మచ్చుగా పొగుడుతుంటారు. ఆ వినయం నిజమే. కానీ పేదింటి తల్లికి లేని వెసులుబాటును ఆయన తన ఇంటికి తీసుకున్నాడన్నదీ నిజమే. ఖర్చు నేనే పెట్టుకుంటాననడంలో ఆ సంగతి ఆయనకు బాగా తెలుసన్నది కనిపిస్తుంది.

వేసవిలో కుటుంబం ఊరికి ఉత్తరాన మూడు మైళ్ల దూరంలోని సోల్జర్స్ హోమ్ అనే సైనికుల ఆశ్రమ ప్రాంగణానికి మారేది. 1862, 63, 64 సంవత్సరాల్లో జూన్ ప్రాంతం నుంచి నవంబరు దాకా అక్కడే. లింకన్ రోజూ గుర్రం మీదో బండిలోనో కార్యాలయానికి వెళ్లివచ్చేవాడు. బానిస విముక్తి ప్రకటన గురించి ఆలోచించిన కాలం ఆ మొదటి వేసవి. గాలి చల్లగా ఉండేది కానీ యుద్ధానికి దూరం కాదు. పక్కనే కొత్త సైనిక శ్మశానం, అందులో సమాధులు పెరుగుతూనే ఉండేవి. కాపలాకు పెన్సిల్వేనియా 150వ దళం నుంచి ఒక కంపెనీ వచ్చింది. టాడ్ వాళ్ల మధ్యే తిరిగేవాడు, వాళ్లు అతన్ని ముద్దుగా ‘థర్డ్ లెఫ్టినెంట్’ చేశారు. 1864 ఆగస్టులో ఒక రాత్రి లింకన్ ఒంటరిగా వస్తుంటే తుపాకీ పేలిందనీ, తర్వాత దొరికిన ఆయన టోపీకి తూటా రంధ్రం ఉందనీ కాపలా సైనికుడొకరు చెప్పాడు.

1863 జులై 2న, గెటిస్‌బర్గ్ యుద్ధం రెండో రోజున, సోల్జర్స్ హోమ్ నుంచి బయల్దేరిన మేరీ బండిలో తోలేవాడి పీట ఊడిపోయింది. గుర్రాలు బెదిరాయి, ఆమె కింద పడి తల రాతికి తగిలింది. ఎవరో కావాలనే మరలు వదులు చేశారన్న అనుమానం ఉంది. లింకన్ తంతి కార్యాలయంలో యుద్ధవార్తల కోసం కూర్చున్న రోజులవి. కంగారు పడొద్దు, అమ్మకు చాలా కొద్దిగా తగిలిందంటూ 3వ తేదీన రాబర్ట్‌కు తంతి కొట్టాడు. ఆ గాయం చీముపట్టింది, వారాలపాటు ఆమె మంచాన పడింది. తల్లి ఆ దెబ్బ నుంచి పూర్తిగా ఎప్పుడూ తేరుకోలేదని రాబర్ట్ తర్వాత అనేవాడు.

మేరీ తరచూ న్యూయార్క్, ఫిలడెల్ఫియా, కొండ ప్రాంతాలకు వెళ్లేది. ఆ దూరం వల్లే ఈ దాంపత్యం కాగితం మీద మిగిలింది. 1863 ఆగస్టు 8 నాటి ఉత్తరంలో కెంటకీ ఎన్నికల ఫలితమూ ఉంది, టాడ్ మేక నానీ తప్పిపోయిన కబురూ ఉంది. అదే ఏడు జూన్ 9న పంపిన తంతిలో టాడ్ పిస్తోలు దాచిపెట్టమన్నాడు, వాడి గురించి పీడకల వచ్చిందన్నాడు. 1864 ఏప్రిల్‌లో మరొకటి: మేకలూ నాన్నా కులాసాగా ఉన్నారని టాడ్‌కు చెప్పు, ముఖ్యంగా మేకలు. గ్రాంట్ వర్జీనియాలో భారీ దాడికి సిద్ధమవుతున్న వారంలో పంపిన తంతి అది. విల్లీ పోయాక టాడ్ తండ్రి పక్కలోనే పడుకునేవాడు. అంగిలి లోపం వల్ల ఆ పిల్లవాడి మాట బయటివాళ్లకు అర్థమయ్యేది కాదు, చదువూ అబ్బలేదు. తండ్రి తొందరపెట్టలేదు. 1865 ఏప్రిల్ 4న, పట్టుబడిన మర్నాడే, రిచ్‌మండ్ వీధుల్లో లింకన్ నడిచినప్పుడు చేయి పట్టుకుని ఉన్నది టాడే. ఆ రోజు వాడికి పన్నెండు నిండాయి.

ఏప్రిల్ 14 ఉదయం ఫలహారం దగ్గర రాబర్ట్ లొంగుబాటు విశేషాలు చెప్పాడు. మధ్యాహ్నం భార్యాభర్తలు బండిలో షికారు వెళ్లారు. ఇకనైనా మనం సంతోషంగా ఉండాలి, యుద్ధమూ విల్లీ చావూ మనల్ని బాగా కుంగదీశాయని ఆయన అన్నట్టు మేరీ తర్వాత రాసింది. రాత్రి ఆయన మీద హంతకుడి తూటా పేలినప్పుడు ఆమె పక్కనే ఉంది. మర్నాడు ఉదయం 7.22కు ఆయన చనిపోయాడు. ఓక్ హిల్ నుంచి విల్లీ పేటికను తీసి, తండ్రి శవంతో పాటు అదే రైల్లో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు పంపారు.

జీవితమంతా లాయరుగా బతికిన లింకన్ వీలునామా రాయలేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ ఆస్తి చూసుకున్నాడు. 1867లో పంచేనాటికి అది సుమారు 1,10,000 డాలర్లు. మేరీకీ ఇద్దరు కొడుకులకూ సమాన వాటాలు వచ్చాయి. కాంగ్రెస్ ఆమెకు ఇచ్చింది ఏడాది జీతంలో మిగిలిన భాగం మాత్రమే. యుద్ధంలో పోయిన సైనికుల భార్యలకు పింఛను చట్టం ఉంది. అధ్యక్షుడి భార్యకు అలాంటిది లేదు. తన భర్త దేశసేవలోనే ప్రాణం అర్పించాడు కాబట్టి తనకూ పింఛను రావాలని ఆమె అర్జీ పెట్టుకుంది. సర్వసేనాని హత్యను యుద్ధ మరణంగా లెక్కించాలా వద్దా అన్నదే అసలు తగాదా. వాదన మధ్యలో ఆమె దుస్తుల ఖర్చూ అప్పులూ సభలోకి లాగారు. 1870 జులై 14న సెనేట్ 28–20 ఓట్లతో ఏడాదికి 3,000 డాలర్లు మంజూరు చేసింది.